సైరన్ మోగితే ఆగాలి

కిందటేడు విశ్వకర్మ పూజకి మా ఊరు బచేలి క్లబ్బులో వాయించాను. మా బ్యాండులో డ్రమ్స్ వాయించే అతను బెంగళూరువాడు, బస్తర్ రావడం అదే మొదలు. మూడో పాటలో నేను వాయించడం ఆపేసే చోటొకటి ఉంది. మిగతావాళ్ళంతా వాయిస్తూనే ఉంటారు, నా బేస్ గిటార్ ఒక్కటే ఉండదు. కాసేపు ఆగి మళ్ళీ దిగుతాను. ఇన్నేళ్ళుగా ఏ ఊళ్ళో వాయించినా ఆ చోట జనం తలలెత్తి చూస్తారు. కొందరు తీగ తెగిందనుకుంటారు. ఒక హోటల్ మేనేజరైతే పరుగెత్తుకొచ్చి కరెంటు ప్లగ్గు తడిమాడు.

బచేలిలో అలా ఏమీ జరగలేదు. నేను ఆపగానే ముందు వరుసలో ఆడవాళ్ళు కుర్చీ చేతి మీదున్న టీ గ్లాసు పట్టుకున్నారు. వెనక క్యాంటీన్ బల్ల దగ్గరున్నాయన స్టీలు ప్లేట్ల దొంతర మీద రెండు చేతులూ వేశాడు. మాట్లాడుకుంటున్నవాళ్ళు మాట మధ్యలో నోరు మూశారు. ఒక్క క్షణం గడిచింది. ఏదీ పేలలేదు. అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుని హాలు హాలంతా నవ్వింది. ఆ నవ్వులోనే నేను మొదటి దెబ్బ కొట్టాను.

కార్యక్రమం అయ్యాక డ్రమ్మరు నన్ను పక్కకు పిలిచి, వీళ్ళకి ముందే రిహార్సల్ ఇచ్చావా అని అడిగాడు. పుట్టినప్పటినుంచీ ఇస్తూనే ఉంది, నేను కాదు, ఆ కొండ అన్నాను. అతనికి అర్థం కాలేదు. బచేలిలో పుట్టనివాడికి ఒక్క ముక్కలో అర్థమయ్యేది కాదది.

బైలాడిలా కొండ మీద ఇనుప ఖనిజం తవ్వుతారు. కొండ కింద మా ఊరు. మధ్యాహ్నం భోజనాల వేళకి పైన బ్లాస్టింగ్ ఉండేది, మందు పెట్టి రాయి పేల్చేవారు. ముందు సైరన్ మోగేది. సైరన్ వినపడగానే ఊళ్ళో ఎవరు ఏం చేస్తున్నా ఆపాలి. ఇది కంపెనీ పెట్టిన రూలు కాదు, ఊరు పెట్టుకున్న అలవాటు. అలమార్లో గ్లాసులు దొర్లి పడకుండా అమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టేది. బడిలో మాస్టారు సుద్దముక్క బోర్డు మీద నుంచి తీసేవారు. మంగలి కత్తి గడ్డం మీద నుంచి గాల్లోకి లేచేది. కాసేపటికి కొండ ఒక్కసారి దగ్గేది. గోడలు జలదరించేవి, కిటికీ రెక్కలు కొట్టుకునేవి. అది అయిపోయాక అందరూ ఎక్కడ ఆపారో అక్కడినుంచే మొదలుపెట్టేవారు. మా క్వార్టర్ల వెనక కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు బిందెల కోసం తిట్టుకుంటూ సైరన్‌కి ఆగి, ఒకరి బిందె ఒకరు పట్టుకుని నిలబడి, కొండ పేలాక సరిగ్గా అదే తిట్టు నుంచి అందుకోవడం నేను కళ్ళారా చూశాను. విజయనగరం నుంచి చూడ్డానికొచ్చిన మా అమ్మమ్మ, ఈ ఊరికి ఏదో సోకిందని తీర్మానించి చర్చిలో ప్రత్యేక ప్రార్థన చేయించింది. ఆ ప్రార్థన కూడా మధ్యలో ఆగింది.

మా నాన్న రైల్వేలో గూడ్సు గార్డు. కిరందుల్ లైన్ మీద ఖనిజం బళ్ళు విశాఖపట్నం రేవుకి దిగేవి, ఖాళీ పెట్టెలు తిరిగి పైకి వచ్చేవి. ఆ బండి చివర బ్రేక్ వాన్‌లో నాన్న. మా ఇంట్లో మాట విజయనగరం మాట, బడిలో హిందీ, సంతలో చింతపండు బేరానికి హల్బీ. సాయంత్రం అయ్యేసరికి ఏ భాషలో నవ్వానో నాకే తెలిసేది కాదు. ఉతికి ఆరేసిన తెల్లబట్ట ఏదీ తెల్లగా ఇంట్లోకి వచ్చేది కాదు, ఎర్ర దుమ్ము దానికి తన వాటా వేసేది.

నాన్నకి ఒక ఇనుప పెట్టె ఉండేది. గార్డులందరికీ ఉంటుంది, దాన్ని లైన్ బాక్స్ అంటారు. జెండాలు, దీపం, ప్రమాదమొస్తే పట్టాల మీద పెట్టే పటాసులు, రూళ్ళ పుస్తకం అందులోనే. నల్ల రంగు వేసి దాని మీద తెల్ల రంగుతో నాన్న పేరు, పేరు కింద హోదా, దాని కింద బచేలి అని రాసి ఉండేది. చిన్నప్పుడు నేను దాని మీద నా పేరు కూడా సుద్దముక్కతో రాసుకున్నాను. నాన్న తడిగుడ్డ తెచ్చి తుడిచేశాడు. కోప్పడలేదు గాని, డ్యూటీ పెట్టె మీద డ్యూటీ చేసేవాళ్ళ పేరే ఉండాలని చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ మాట మాత్రం గుర్తుండిపోయింది.

బేస్ నా చేతికి రావడం వెనక గొప్ప కథేం లేదు. కంపెనీ క్లబ్బుకి ఒక ఆర్కెస్ట్రా ఉండేది. పండగలకీ పూజలకీ హిందీ సినిమా పాటలు వాయించేవారు. అందులో బేస్ గిటార్ వాయించే మలయాళీ ఆయనకి కర్ణాటక గనికి బదిలీ అయింది. లీడ్ గిటార్ కోసం కొట్టుకునే జనం ఉన్నారు గాని, నాలుగు లావు తీగలున్న ఈ బరువు కర్ర ఎవరికీ అక్కర్లేకపోయింది. పాట రాదు, పైకి వినపడదు, ఫోటోలో కూడా సగమే పడతారు. నేను అప్పటికి చర్చి క్వయిర్‌లో కింది గొంతు పాడేదాన్ని. పైగొంతు పాడేవాళ్ళని అందరూ మెచ్చుకునేవారు, నన్ను మాత్రం జలుబు చేసిందా అని అడిగేవారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ నన్ను ఊరికే అనలేదు. ఆ బేస్‌ని చూడగానే, నా గొంతుకి ఒక కర్ర దొరికిందనిపించింది.

నేర్పింది ఆర్కెస్ట్రా డ్రమ్మరు. భోపాలపట్నం మనిషి, గని వర్క్‌షాపులో పని. కుర్రతనంలో మద్దేడ్‌లో పెళ్ళిళ్ళకి డోలు కొట్టి, ఇక్కడికొచ్చాక డ్రమ్ సెట్టు ఎక్కాడు. ఆదివారాలు మధ్యాహ్నం క్లబ్బు ఖాళీగా ఉండేది కాబట్టి అప్పుడే ప్రాక్టీసు. అక్కడా సైరన్ వచ్చేది. గనికి ఆదివారం లేదు. మొదటిసారి సైరన్ మోగి నేను చెయ్యి తీసేస్తే ఆయన కూడా పుల్లలు పైకెత్తాడు. కొండ పేలింది. ఆయన దిగాడు, నేను ఎక్కడ దిగాలో తెలియక దిక్కులు చూశాను.

"చెయ్యి ఆపు బిడ్డా, ఫికర్ లేదు. కాలు ఆపినవంటే మాత్రం గయా. చెయ్యి కంపెనీది, కాలు మనది," అన్నాడు.

అప్పటినుంచి సైరన్ మోగితే చేతులు గాల్లో, పాదం నేల మీద తాళం వేస్తూ. లోపల లెక్క నడుస్తూనే ఉండేది. కొండ పేలాక, తాళం తిరిగొచ్చే మొదటి దెబ్బ మీద ఇద్దరం ఒకేసారి పడేవాళ్ళం. అలా పడ్డప్పుడల్లా నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను. ప్రపంచంలో నా చోటు ఎక్కడో నాకు తెలిసినట్టుండేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని అమ్మ విసుక్కునేది, వేళ్ళకి బొబ్బలు లేస్తే కొబ్బరినూనె రాసేది.

ఒక క్రిస్మస్‌కి కంపెనీవాళ్ళు విశాఖపట్నం నుంచి ఒక హోటల్ బ్యాండుని రప్పించారు. ఓడల మీద వచ్చే విదేశీయులకి జాజ్, ఫంక్ వాయించే బ్యాండది. వాళ్ళకంటే ముందు మా ఆర్కెస్ట్రా రెండు పాటలు వాయించింది. తరవాత వాళ్ళు మొదలుపెట్టారు. జాజ్‌లో బేస్ నడుస్తుంది. ఎవరూ తోడు లేకపోయినా, తనకి దారి తెలుసన్నట్టు ఒక్కో అడుగే వేసుకుంటూ పోతుంది. ఫంక్‌లో అయితే మొదటి దెబ్బ మీద పడితే చాలు, మిగతాదంతా నీ ఇష్టం. అది విని నాకు నవ్వొచ్చింది. ఈ రూలు మా డ్రమ్మరు ఏనాడో చెప్పేశాడు, పేరు మాత్రం చెప్పలేదు.

బ్యాండు లీడరు వాల్తేరు ఆంగ్లో ఇండియన్ పెద్దాయన, పియానో వాయిస్తాడు. వాళ్ళ బేసిస్టు గల్ఫ్ వెళ్ళిపోతున్నాడట. పెద్దాయన నా దగ్గరికొచ్చి, రెండు క్యాసెట్లు చేతిలో పెట్టి, ఇవి వినమనీ మార్చిలో విశాఖపట్నం వస్తే చూస్తాననీ చెప్పాడు. ఆడపిల్లవని గాని చిన్నదానివని గాని అనలేదు. ఆ రోజు ఇంటికి ఎలా నడిచి వచ్చానో గుర్తులేదు.

నాన్నకి చెప్పాను. అప్పటికే నాన్న నాకోసం మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ సీటు మాట్లాడి ఉంచాడు. నర్సింగ్ అంటే నాకు చిన్నచూపేం లేదు, బచేలి ఆసుపత్రిలో తెల్లచీర కట్టుకుని తిరిగే సిస్టర్లంటే భక్తే. కాని బేస్ ఉన్న చోట నేనుండాలి. నలుగురి వెనకాల నిలబడి దుమ్ దుమ్మని మోగించడం ఒక ఉద్యోగమా అన్నాడు నాన్న. బండి చివర పెట్టెలో ఒక్కడూ కూర్చుని వెళ్ళే మనిషి ఆ మాట అన్నాడని నాకు ఒళ్ళు మండింది. పైకి అనలేదు. అని ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

"ఒక్కసారి ఎల్దాం. ఆళ్ళు వద్దన్నారా, నర్సింగుకి ఎల్లాల. ఆ కర్ర మళ్ళీ ముట్టుకోకూడదు," అన్నాడు నాన్న.

సరేనన్నాను. వద్దంటే ఏమవుతుందో చెప్పాడు గాని, రమ్మంటే ఏమవుతుందో నాన్న చెప్పలేదు. నేను అడగనూ లేదు.

మా డ్రమ్మరు బేస్‌కి వర్క్‌షాపు వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె ఒకటి చేయించాడు. లోపల అమ్మ పాత చీర పరిచింది. బయట నల్ల రంగు. సొంతది కొనుక్కున్నాక క్లబ్బుది తెచ్చి ఇచ్చేయమన్నాడు. నాన్నా నేనూ పాస్ మీద కిరందుల్ ప్యాసింజర్ ఎక్కాం. నాన్న ఒళ్ళో అమ్మ ఇచ్చిన కేరేజీ, నా ఒళ్ళో పెట్టె.

బ్యాండు గది హార్బరు దగ్గర పాత గోదాము మేడ మీద. పియానో పెద్దాయన, వాళ్ళ డ్రమ్మరు, శాక్సఫోన్ వాయించే ఇంకొకాయన. రాత్రి ఆ ఊళ్ళోనే మా చిన్నత్తయ్య ఇంట్లో ఉండి, మర్నాడు బయల్దేరి వెళ్ళేసరికి భోజనాల వేళ దాటబోతోంది. నాన్నకి తలుపు దగ్గర స్టూలు వేశారు. ఆయన దాని మీద అంచుకి కూర్చుని, నాలుగు గిన్నెల కేరేజీ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అన్నం అయితే తెచ్చుకున్నాం గాని తినే ధైర్యం ఇద్దరికీ లేదు.

ముందు జాజ్ వాయించాం. తప్పులేం పోలేదు. కాని పెద్దాయన మొహంలో ఏ మార్పూ లేదు. శాక్సఫోన్ ఆయన గడియారం చూసుకున్నాడు. నర్సింగ్ సీటు నా కళ్ళ ముందే తెల్లగా కనపడుతోంది. పెద్దాయన ఫంక్ అందుకోమన్నాడు. క్యాసెట్‌లో విన్నదే. బొటనవేలితో తీగ మీద కొట్టాను. డ్రమ్మరు నన్ను చూసి తలూపాడు. ఇప్పుడిప్పుడే ఒంట్లోకి వేడి వస్తోంది, అప్పుడు డాక్‌యార్డు సైరన్ మోగింది.

నా చెయ్యి నన్ను అడగలేదు. తీగల మీద నుంచి లేచిపోయింది. తలుపు దగ్గర నాన్న రెండు చేతులూ కేరేజీ చుట్టూ వేశాడు, గిన్నెలు గలగలమనకుండా. ఆ గదిలో కొండ కోసం ఎదురుచూస్తున్నది మేమిద్దరమే. మిగతా ముగ్గురూ వాయించుకుంటూ పోతున్నారు. కిటికీలోంచి కనపడేది సముద్రం. అక్కడ పేలడానికి ఏ కొండా లేదు.

అది నాకు అప్పుడు అర్థమైంది. పరీక్ష మధ్యలో వాయించడం మానేసి బొమ్మలా నిలబడ్డ దాన్ని ఎవరు తీసుకుంటారు? ఎలాగోలా ఎక్కడో ఒకచోట దూరిపోదామనిపించింది. అప్పుడు కిందికి చూశాను. నా కాలు ఆడుతూనే ఉంది. చెయ్యి కంపెనీది, కాలు మనది. లెక్క పోలేదు. ఆగాను. మొదటి దెబ్బ వచ్చేదాకా ఆగి, దాని మీద నా ఒళ్ళంతా పెట్టి పడ్డాను. గది నేల చెక్కలు అదిరాయి.

పెద్దాయన చెయ్యెత్తి పాట ఆపించాడు.

"ఎందుకాగేవమ్మా?" అని అడిగాడు.

కొండ గురించి చెప్పాలి, చెబితే పిచ్చిదాన్ననుకుంటారు. అయిపోయిందనుకున్నాను, నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు స్టూలు కిర్రుమంది. నేను ఓడిపోతే అందరికన్నా ఎక్కువ నిమ్మళించే మనిషి లేచి నిలబడ్డాడు, కేరేజీ గుండెకి పట్టుకుని.

"గుంట తప్పు సేయలేదు బాబూ. మా కాడ సైరన్ మోగితే ఆగిపోవాల. కొండ పేలినాకే మళ్ళీ మొదలెట్టాల. సిన్నప్పట్నించి అలాగే పెంచేం. ఆగకపోతేనే తప్పు."

అంతటితో ఊరుకోలేదు. గ్లాసులెలా పట్టుకుంటారో, మంగలి కత్తి ఎలా ఎత్తుతాడో, కుళాయి దగ్గర తిట్లు ఎలా ఆగి ఎలా అందుకుంటాయో అన్నీ చెప్పాడు. ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడని మనిషి, ఎవరో తెలియని సంగీతం వాళ్ళ ముందు మా ఊరిని కళ్ళకి కట్టించాడు. వాళ్ళు నవ్వలేదు. శాక్సఫోన్ ఆయన మళ్ళీ గడియారం చూడలేదు.

పెద్దాయన నావైపు తిరిగి, ఆ పాటే మళ్ళీ వాయించమన్నాడు. ఈసారి సైరన్ ఉండదు, అక్కడే ఆగాలి, అక్కడే దిగాలి. వాయించాం. ఆ చోటు రాగానే చెయ్యి తీశాను. తీస్తూ తలుపువైపు చూశాను. సైరన్ లేదు, ఎవరూ సైగ చేయలేదు. నాన్న చేతులు కేరేజీ చుట్టూ చేరిపోయాయి. నేనెక్కడ ఆగుతానో ఆయన విని పట్టుకున్నాడు. నా బేస్‌ని నాన్న చెవిపెట్టి వినడం అదే మొదటిసారి అని నాకు అప్పుడే తెలిసింది. ఈసారి దిగినప్పుడు సంతోషంతో దిగాను.

ఈస్టర్ అయ్యాక అమ్మాయిని పంపిస్తారా అని పెద్దాయన అడిగాడు. నన్ను కాదు, నాన్నని. ఇంటికెళ్ళి కబురు చేస్తానన్నాడు నాన్న. నా ప్రాణం ఉసూరుమంది.

తిరుగు రైల్లో అరకు దాటాం. ఒక స్టేషన్లో మా బండిని పక్కకి తీసి ఖనిజం బండికి దారిచ్చారు. అది ఎంతకీ అయ్యేది కాదు. నాన్న అలవాటుగా తలుపు దగ్గర నిలబడి, చివర బ్రేక్ వాన్ వచ్చాక అందులోని గార్డుకి చెయ్యి ఊపాడు. అతనూ ఊపాడు. అంత పొడుగు బండిలో అతనొక్కడే మనిషి మొహంతో కనపడ్డాడు. నాన్న వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఆగినప్పుడు నీ కాలు ఆడుతునే ఉంది. నాను సూసేను," అన్నాడు.

అవుననీ కాదనీ మాత్రం అనలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చింది, అడిగితే కాదంటాడేమోనని మింగేశాను.

ఆ తరవాత నేను ఎక్కడెక్కడో వాయించాను. రేవు హోటల్లో మొదలుపెట్టి, కలకత్తా, బొంబాయి, బెంగళూరు. స్టూడియోల్లో ఎవరెవరి పాటల కిందో నా బేస్ ఉంది, చెప్పినా ఎవరూ నమ్మరు. బేసిస్టు ఆడదని తెలిసి కార్యక్రమం వద్దన్నవాళ్ళూ ఉన్నారు, వాయించాక కుర్చీ వేసినవాళ్ళూ ఉన్నారు. ఆ ఆగే చోటు నాతోపాటే తిరిగింది. అది నా శైలి అని పత్రికలవాళ్ళు రాశారు. శైలి లేదు, పాడూ లేదు, అది మా ఊరి మధ్యాహ్నం. క్లబ్బు బేస్ క్లబ్బుకి ఇచ్చేశాను. పెట్టె మాత్రం ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదంటే, విశాఖపట్నం నుంచి వచ్చిన మర్నాడు నాన్నకి డ్యూటీ లేదు. నేను పెరట్లోకి వెళ్ళేసరికి తన లైన్ బాక్సు మీద పేరు రాసుకునే తెల్ల రంగు డబ్బా, సన్న కుంచె ముందు పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నా నల్ల ప్లైవుడ్ పెట్టె. దాని మీద అప్పటికే నా పేరు ఉంది. పేరు కింద బేస్ అని ఉంది. నాన్న నాలుక కాస్త బయటపెట్టి, దాని కింద బచేలి అని రాస్తున్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను దగ్గరికి పోబోతే నాన్న తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టి, రంగు ఆరేదాకా ముట్టుకోవద్దన్నాడు.